ఎంట్రీ లెవెల్ నుంచి పైకి: నా రెండో రోడ్ బైక్ ఎలా ఎంచుకున్నాను

మొదటి రోడ్ బైక్ కొనేటప్పుడు ఏం అడగాలో కూడా మనకి తెలియదు. ఎవరో సైజు చెబుతారు, రంగు నచ్చుతుంది, తీసేసుకుంటాం. రెండోది కొనే నాటికి ఒంటికి చాలా సంగతులు తెలిసి ఉంటాయి. ఎంత దూరం పోయాక మెడ పట్టేస్తుందో, ఎదురుగాలిలో ఏ గేరు దొరక్క కాళ్లు విసుక్కుంటాయో, పల్లంలో బ్రేకు పట్టీ పట్టీ ఏ వేళ్లు తిమ్మిరెక్కుతాయో తెలుసు. ఈ సమాచారం ఏ కంపెనీ పట్టికలోనూ ఉండదు. అందుకే కొత్త బండి వెతుకులాట పాత బండి దగ్గరే మొదలుపెట్టాలని గట్టిగా నమ్ముతాను. నేను అలాగే చేశాను. ఆ వివరాలు కాస్త విడమరిచి రాస్తున్నాను, ఇదే దశలో ఉన్నవాళ్లకి పనికొస్తాయని.

ముందు నా కొలతలు చెప్పాలి, ఎందుకంటే బైక్ గురించి ఎవరు ఏం చెప్పినా అది ఎలాంటి ఒళ్లు చెబుతోందో తెలియాలి. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు, చేతులు చిన్నవి. పాత బండి అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే భాగం), వెనక 8 గేర్ల షిమానో క్లారిస్ (ఎంట్రీ లెవెల్ గేర్ సెట్), రిమ్ బ్రేకులు (చక్రపు అంచుని నొక్కేవి), 25 మిల్లీమీటర్ల టైర్లు. క్లారిస్ అనగానే పెదవి విరిచేవాళ్లతో నాకు పడదు. సరిగ్గా ట్యూన్ చేసి, కేబుల్స్ ఏడాదికోసారి మార్చుకుంటూ ఉంటే అది ఏళ్ల తరబడి మాట వింటుంది. రోడ్ బైక్ తొక్కడం నాకు నేర్పింది ఆ బండే.

మరి ఆ బండికే మంచి పార్టులు వేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేనూ ఆ లెక్క వేసి చూశాను. 8 గేర్ల నుంచి 11కి వెళ్లాలంటే షిఫ్టర్లు (గేరు మార్చే లివర్లు), రెండు డిరైలర్లు (చైన్‌ని పక్కకి జరిపేవి), కాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), చైన్ అన్నీ మారాలి. అక్కడితో అయిపోదు. రోడ్ బైకులకి వచ్చే 11 స్పీడ్ కాసెట్ కూర్చోవాలంటే హబ్ మీద ఫ్రీహబ్ బాడీ, అంటే కాసెట్ ఎక్కే భాగం, పాతదానికంటే 1.85 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి. నా చక్రంలో ఆ చోటు లేదు, కాబట్టి చక్రాలూ మారాలి. ఇంత చేసినా ఫ్రేమ్‌కి డిస్క్ బ్రేకు బిగించే చోటు రాదు, 25ని మించిన టైరు పట్టదు. అంటే మార్చగలిగినవన్నీ మార్చాక, మార్చలేనివే నా అసలు ఇబ్బందులుగా మిగులుతాయి. ఆ లెక్క పూర్తయ్యాక ఇంకో ఆలోచన లేకుండా కొత్త బండికే మొగ్గాను.

దాదాపు ఒకే ధరలో మూడు బళ్లు నా ముందు నిలిచాయి. ఒకటి, కార్బన్ రేస్ ఫ్రేమ్. గత తరం 11 స్పీడ్ షిమానో 105 (మధ్యస్థాయి గేర్ సెట్), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు 52/36 పళ్ల చైన్‌రింగులు, వెనక 11-30 పళ్ల కాసెట్, బరువు 8.2 కిలోలు. రెండోది అల్యూమినియం ఎండ్యూరెన్స్ ఫ్రేమ్. ఇప్పటి 12 స్పీడ్ 105 మెకానికల్, హైడ్రాలిక్ బ్రేకులు, 50/34, 11-34, బరువు 9.3. మూడోది ఒకరు వాడిన కార్బన్ బండి, రిమ్ బ్రేకులు, 105 కంటే పైస్థాయి అల్టెగ్రా గేర్లు, చాలా తేలిక.

కొత్తవాళ్లకి ఒక్క మాట. రేస్ ఫ్రేమ్ అంటే ట్రెక్ ఎమోండా, జైంట్ టీసీఆర్, స్పెషలైజ్డ్ టార్మాక్ లాంటి కుటుంబం: ముందు భాగం కిందికి ఉంటుంది, ఒళ్లు చాచి వంగాలి. ఎండ్యూరెన్స్ అంటే ట్రెక్ డొమానే, జైంట్ డిఫై, స్పెషలైజ్డ్ రూబే, కానన్‌డేల్ సినాప్స్ లాంటివి: హ్యాండిల్ కాస్త ఎత్తుగా, దగ్గరగా, టైర్లకి చోటు ఎక్కువగా ఉంటుంది. ఎండ్యూరెన్స్ బండిని నిదానంగా పోయేవాళ్ల బండి అనడం అన్యాయం. అది ఎక్కువసేపు ఒకే జోరు నిలబెట్టుకునేవాళ్ల బండి.

నాతో కలిసి తొక్కే అక్క ఒకామె ఉంది, నాకంటే చాలా ముందునుంచి ఈ దారిలో ఉన్న మనిషి. మూడు బళ్ల ఫోటోలూ పంపిస్తే ఏ ఒక్కదాని గురించీ మాట్లాడలేదు. "ముందు నీ బండి కొలుచుకుని రా. నువ్వు ఇప్పుడు ఎక్కడ కూర్చున్నావో తెలియకుండా ఎక్కడికి మారాలో ఎట్లా తెలుస్తుంది?" అంది.

కొలవడం కష్టమేమీ కాదు. సమతలంగా ఉన్న నేల, ఒక గోడ, టేపు, దారం చాలు. రెండు టైర్లకీ గాలి సమానంగా కొట్టి, వెనక చక్రం గోడకి ఆనేలా బండిని నిటారుగా నిలబెట్టాను. దారానికి బరువైన నట్టు ఒకటి కట్టి, హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు భాగంలో ఫోర్క్ దూరే గొట్టం) పైఅంచు మధ్యలోంచి వేలాడదీశాను. అది ఊగడం ఆగేదాకా చూసి, గోడ నుంచి ఆ దారం దాకా కొలిచాను. తర్వాత గోడ నుంచి పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య దాకా, అంటే బాటమ్ బ్రాకెట్ దాకా కొలిచాను. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే రీచ్. అలాగే నేల నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు ఎత్తులోంచి నేల నుంచి బాటమ్ బ్రాకెట్ ఎత్తు తీసేస్తే స్టాక్. నా పాత బండికి స్టాక్ 522, రీచ్ 366 మిల్లీమీటర్లు వచ్చాయి. కంపెనీ పట్టికతో సరిచూస్తే రెండు మిల్లీమీటర్ల లోపే తేడా.

ఈ రెండు అంకెల మీద ఇంత పట్టు ఎందుకంటే, ఫ్రేమ్ మీద వేసే 49, 52 లాంటి సైజులకి ఇప్పుడు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ పొంతన లేదు. పూర్వం పై గొట్టం నేలకి సమాంతరంగా ఉన్న రోజుల్లో సీటు గొట్టం పొడవే సైజు. 1990ల చివర్లో బ్రిటిష్ డిజైనర్ మైక్ బరోస్ రూపొందించిన జైంట్ టీసీఆర్ వెనక్కి వాలిన పై గొట్టంతో వచ్చింది, తర్వాత దాదాపు అందరూ ఆ బాట పట్టారు. గొట్టం వాలుగా అయ్యాక సీటు గొట్టం పొడవు మనిషి కూర్చునే తీరు గురించి ఏమీ చెప్పదు. స్టాక్, రీచ్ మాత్రం ఏ ఫ్రేమ్‌కైనా ఒకే చోటు నుంచి కొలుస్తారు కాబట్టి పోల్చుకోవచ్చు.

ఇక అసలు లెక్క. నా పాత బండిలో స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) కింద 20 మిల్లీమీటర్ల స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) ఉన్నాయి. స్టెమ్ పొడవు 80. స్పేసర్ వేస్తే హ్యాండిల్ పైకి లేవడమే కాకుండా వెనక్కి కూడా జరుగుతుంది, ఎందుకంటే ఫోర్క్ గొట్టం వాలుగా ఉంటుంది. చిన్న ఫ్రేముల్లో ఆ వాలు 71 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ప్రతి 10 మిల్లీమీటర్లకి హ్యాండిల్ తొమ్మిదిన్నర పైకి, మూడుకి కాస్త ఎక్కువ వెనక్కి పోతుంది. ఆ లెక్కన స్టెమ్ పట్టే చోట నా అసలు ఎత్తు 541, అసలు రీచ్ 359. నాకు మెడ నొప్పి లేకుండా, భుజాలు బిగుసుకోకుండా రోజంతా గడిచే చోటు అదే.

రేస్ ఫ్రేమ్‌లో స్టాక్ 504, రీచ్ 377. నా 541 ఎత్తుకి చేరాలంటే 37 మిల్లీమీటర్లు లేపాలి, అంటే 40 దాకా స్పేసర్లు. అప్పుడు రీచ్ 364కి తగ్గుతుంది, 75 స్టెమ్ వేస్తే అచ్చం నా పాత స్థానం. కాగితం మీద కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ కార్బన్ స్టీరర్ (ఫోర్క్ పైగొట్టం) మీద ఇంతకు మించి స్పేసర్లు పేర్చవద్దని కంపెనీలు పరిమితి పెడతాయి, ఆ ఫ్రేమ్ తాలూకు పుస్తకంలో పెట్టిన పరిమితి 30. అదీకాక, తల వంచి దూసుకుపోవడానికి గీసిన ఫ్రేమ్‌ని కొని దాని ముక్కు పైకెత్తి కూర్చుంటే, ఆ డిజైన్‌కి పెట్టిన డబ్బులో సగం వృథా. ఎండ్యూరెన్స్ ఫ్రేమ్‌లో స్టాక్ 533, రీచ్ 365. 10 మిల్లీమీటర్ల స్పేసర్ ఒక్కటి, అదే 80 స్టెమ్. ఎత్తు 542, రీచ్ 362. పాతదానికంటే మూడు మిల్లీమీటర్లు ముందుకి, అంతే. ఇంకా వంగాలనిపిస్తే ఆ స్పేసర్ తీసేయొచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త: హెడ్‌సెట్ (హెడ్ ట్యూబ్‌లోని బేరింగులు) పైమూత ఎత్తు కూడా స్పేసర్ల కిందే లెక్క. కొన్ని బళ్లలో అది 5 మిల్లీమీటర్లే, కొన్నిట్లో 15. దాన్ని మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది.

చిన్న ఫ్రేముల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే పొట్టివాళ్ల బాధలు ఎవరూ విడిగా రాయరు. 700సీ అనే మామూలు రోడ్ బైక్ చక్రం పెద్ద సైజు ఫ్రేమ్‌కీ చిన్న సైజు ఫ్రేమ్‌కీ ఒకటే. ఫ్రేమ్ చిన్నదయ్యేకొద్దీ ముందు చక్రం పాదానికి దగ్గరవుతుంది. ఇరుకు మలుపులో హ్యాండిల్ తిప్పితే బూటు కొన టైరుకి తగులుతుంది. దాన్ని తప్పించడానికి కంపెనీలు హెడ్ ట్యూబ్‌ని బాగా వాలుస్తాయి. సీటు గొట్టాన్ని మాత్రం నిటారుగా నిలబెట్టి పై గొట్టం పొడవు అంకెను తక్కువగా ఉంచుతాయి. పట్టికలో చూస్తే కురచగా కనిపిస్తుంది, కూర్చుని చూస్తే సీటు ముందుకి వచ్చేసి ఉంటుంది. నా సీటు ఎత్తు 65 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో సీటు గొట్టం ఒక డిగ్రీ నిటారైతే సీటు 11 మిల్లీమీటర్లు ముందుకి జరిగినట్టు. దాన్ని పాత చోటికి తేవడానికి సీటుని పట్టాల మీద వెనక్కి నెడితే, తగ్గిందనుకున్న సీటు-హ్యాండిల్ దూరం మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ముందు బాటమ్ బ్రాకెట్‌కి సీటు ఎంత వెనక ఉందో కొలవండి. దాన్ని కొత్త బండి మీద యథాతథంగా పెట్టగలరో లేదో తేల్చుకున్నాకే రీచ్ జోలికి పోండి.

క్రాంక్ పొడవు, హ్యాండిల్ వెడల్పు కూడా ఇదే కోవలోవి. చిన్న ఫ్రేములకి కూడా 170 క్రాంకులు, 40 సెంటీమీటర్ల హ్యాండిల్ తగిలించి అమ్మడం మామూలే. 165 క్రాంకులు, 38 హ్యాండిల్ కావాలని కొనేముందే అడగాలి. కొత్త బండి మీద విప్పని పార్టు కాబట్టి అప్పుడు మార్పిడి సులువు. వాడాక మార్చాలంటే రెండోసారి కొనడమే.

గేర్ల దగ్గరికి వద్దాం. ఎక్కువ గేర్లు ఉంటే ఎత్తు సులువుగా ఎక్కొచ్చు అనుకుంటారు. నా విషయంలో లెక్క అలా రాలేదు. పాత బండిలో చివరి గేరు 34 కి 32, అంటే ముందు 34 పళ్లు, వెనక 32. కొత్తదాంట్లో 34 కి 34. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే పెడల్ ఒక చుట్టుకి పాతది 2.23 మీటర్లు పోతుంది, కొత్తది 2.1. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కుతుంటే కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 60 బదులు 63 అవుతుంది. ఉపయోగమే, కానీ ఆ తేడా కోసం బండి మార్చక్కర్లేదు. రేస్ బండిలో ఉన్న 36 కి 30 అయితే అదే ఎత్తులో 53కి పడిపోతుంది. మోకాళ్లు ఒప్పుకోవు.

నాకు లోటు కొట్టింది ఎక్కడంటే చదును రోడ్డు మీద, ఎదురుగాలిలో. ఇది నిజంగా దగ్గరగా చూడాల్సిన సంగతి. 8 స్పీడ్ 11-32 కాసెట్‌లో పళ్లు 11, 13, 15, 18, 21, 24, 28, 32. గాలికి ఎదురుగా గంటకి 27 కిలోమీటర్ల దగ్గర పోతున్నాననుకోండి, ముందు 50. వెనక 18 మీద ఉంటే కేడెన్స్ 77, తొడలు బరువెక్కుతాయి. ఒక క్లిక్ వేస్తే 21, కేడెన్స్ 90, ఊపిరి ఎగదన్నుకొస్తుంది. నాకు హాయిగా ఉండేది 80 పైన కాస్త. అది ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంది, నా బండిలో లేదు. దాంతో కాసేపు దీని మీద, కాసేపు దాని మీద, అటూ ఇటూ వేళ్లు ఆడిస్తూనే ఉంటాను. 12 స్పీడ్ 11-34 కాసెట్‌లో 15, 17, 19, 21 వరసగా ఉంటాయి. అదే వేగంలో 19 పళ్ల మీద కేడెన్స్ 81. గుంపుతో పోయేటప్పుడు వేగం ముందున్నవాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి ఈ మధ్య గేరు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మీ పాత బండిలో ఏ రెండు గేర్ల మధ్య మీరు ఇలా నలుగుతున్నారో చూసుకోండి, కొత్త కాసెట్‌లో అక్కడ ఏముందో లెక్కపెట్టండి. గేర్ల సంఖ్య కన్నా ఆ ఒక్క చోటు ముఖ్యం.

ఎలక్ట్రానిక్ గేర్ల గురించి ఎక్కువ రాయను. షిమానో 2021లో తన పైస్థాయి గేర్ సెట్లయిన 12 స్పీడ్ డ్యూరా-ఏస్, అల్టెగ్రాలను ఎలక్ట్రానిక్‌గా మాత్రమే తెచ్చింది. 2022లో 105కి ఎలక్ట్రానిక్ రూపమైన 105 డీఐ2 వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2023లో, 105కి 12 స్పీడ్ మెకానికల్ రూపం ఇచ్చింది. అంటే షిమానోలో కేబుల్‌తో నడిచే 12 గేర్ల రోడ్ సెట్ కావాలంటే 105 దగ్గరే ఆగాలి. నాకు కేబుల్ అంటే ఇష్టం, నా చేత్తో నేను బాగుచేసుకోగలను. బటన్ నొక్కితే పడే గేరు చాలా బాగుంటుంది, వేళ్లలో బలం తగ్గినవాళ్లకి అది వరమే. కానీ ఆ డబ్బుతో నేను మంచి టైర్లు, సరైన క్రాంకులు తెచ్చుకోగలను.

బ్రేకుల విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. చిన్న చేతులున్నవాళ్లు హుడ్స్ (లివర్ల పైన ఉండే రబ్బరు పట్టు) మీద చేతులు పెట్టి రిమ్ బ్రేకుతో పొడవాటి పల్లం దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. లివర్ని చూపుడువేలు, మధ్యవేలు కొసలతో లాగాలి, బలమంతా ఆ కణుపుల మీద పడుతుంది. కిందికి చేరేసరికి గేరు వేయడానికి కూడా వేళ్లు సహకరించవు. హైడ్రాలిక్ బ్రేకు ఒక్క వేలితో ఆగుతుంది. లివర్‌ని హ్యాండిల్‌కి దగ్గరగా తెచ్చుకునే స్క్రూ కూడా ఉంటుంది. షిమానో 2018లో 11 స్పీడ్ 105లో చిన్న చేతుల కోసమే ఎస్‌టీ-ఆర్7025 అని విడిగా ఒక లివర్ తెచ్చింది. ఈ బాధ నిజమైనదని తయారీదారులే ఒప్పుకున్నట్టు. బండి చూడబోయినప్పుడు అన్నిటికంటే ముందు హుడ్స్ మీద చేయి వేసి, లివర్ మొదటి కణుపు లోపలికి అందుతుందో లేదో చూడండి. అందకపోతే స్క్రూ తిప్పించి మళ్లీ చూడండి. అప్పటికీ అందకపోతే ఆ బండి ఎంత తేలికైనా వద్దు.

వాడిన కార్బన్ బండి ఇక్కడే నా జాబితాలోంచి పోయింది. రిమ్ బ్రేకు చెడ్డదని కాదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రోడ్ రేసుల్లో డిస్క్ బ్రేకులకి పూర్తి అనుమతి ఇచ్చింది 2018లోనే. అంతకుముందు పెద్ద కొండలన్నీ దాదాపుగా రిమ్ బ్రేకులతోనే దిగారు. తేలిక, శుభ్రం, సర్దుబాటు సులువు. చేతికి పట్టు ఉండి, 25 టైర్లతో తృప్తిపడేవాళ్లకి అలాంటి బండి మంచి బేరం. రిమ్ పక్కగోడ అరిగి లోపలికి గుంట పడిందేమో వేలితో తడిమి చూసుకోవాలి, కార్బన్ ఫ్రేమ్‌ని తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించాలి. పెయింటు కింద పగులు కంటికి కనపడకపోవచ్చు.

బరువు గురించి నిజాయితీగా లెక్క వేద్దాం. రెండు కొత్త బళ్ల మధ్య తేడా 1.1 కిలోలు. నేను, బండి, నీళ్ల సీసాలు, బట్టలు అన్నీ కలిపి 66 కిలోలు. అంటే తేడా 1.7 శాతం లోపు. గంటసేపు ఎక్కే కొండ మీద అది ఒక నిమిషం కూడా కాదు. 85 కిలోల మొత్తం ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ, కాబట్టి తేలికైన మనుషులకి తేలికైన బండి విలువ కొంచెం ఎక్కువే. ఆ మాట ఒప్పుకుంటాను. రేసుల్లో నిమిషం అంటే జీవితం. యూసీఐ 2000 నుంచి 6.8 కిలోల కనీస బరువు నియమం పెట్టుకుని ఉందంటే పైస్థాయిలో బరువు కోసం ఎంత పోటీ ఉందో అర్థమవుతుంది. నేను రేసులు చేయను. రోజంతా తొక్కి, మర్నాడు మళ్లీ తొక్కాలనిపించాలి నాకు. ఆ నిమిషం కంటే మెడ నాకు ముఖ్యం.

కార్బన్ అంటే మెత్తగా, అల్యూమినియం అంటే గట్టిగా ఉంటుందనే మాట పాతబడింది. కూర్చున్నప్పుడు తెలిసే మెత్తదనంలో ఎక్కువ వాటా టైరుది. 25 టైరుకి నేను 80 పీఎస్‌ఐ దాకా కొట్టేదాన్ని. 30 మిల్లీమీటర్ల టైరుకి నా బరువుకి 55 చాలు. గరుకు తారు మీద చేతులకి తెలిసే తేడా అక్కడే ఉంది. పోనీ వెడల్పు టైరు నిదానమా అంటే, మామూలు రోడ్డు మీద కాదు. ఎంట్రీ లెవెల్ బళ్లకి వచ్చే మందపాటి, తీగ అంచు టైర్లు తీసి మంచి మెత్తని టైర్లు వేస్తే ఒక జతకి పది వాట్ల పైన ఆదా కావచ్చు. ఎత్తు ఎక్కడానికి అవస్థపడే నాలాంటి మనిషికి పది వాట్లు చాలా పెద్ద మాట. అందుకే ఫ్రేమ్ ఎంత టైరు పట్టిస్తుందో చూశాను. రేస్ ఫ్రేమ్‌లో 28, ఎండ్యూరెన్స్ ఫ్రేమ్‌లో 35. ఈ చోటు తర్వాత పెంచుకోలేం.

రిమ్ అంచున టైరుని పట్టే హుక్ ఉన్నదా లేనిదా అన్నది మాత్రం అడగండి. హుక్‌లెస్ రిమ్ అయితే ట్యూబ్‌లెస్‌కి తగిన టైరే వేయాలి, గాలి 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్‌ఐ దాటకూడదు. బరువైన మనుషులకి సన్నటి టైర్లతో అది సరిపోకపోవచ్చు.

ఫోటోలో కనపడని రెండు విషయాల దగ్గర నేను చాలాసేపు ఆగాను. మొదటిది బాటమ్ బ్రాకెట్. మరలతో బిగించే రకమైతే ఇంట్లో విప్పి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించుకోవచ్చు. ప్రెస్ ఫిట్ రకంలో బేరింగులు నొక్కి కూర్చోబెడతారు. కొలతలు సరిగ్గా ఉన్న ఫ్రేమ్‌లో బాగానే ఉంటుంది, లేకపోతే ప్రతి తొక్కుడికీ కిర్రుమంటుంది. రెండోది కేబుళ్లు. ఇప్పుడు చాలా బళ్లలో బ్రేకు గొట్టాలన్నీ హ్యాండిల్ నుంచి హెడ్‌సెట్ లోపలికి దూరిపోతాయి. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో! కానీ పై బేరింగ్ మార్చాలంటే బ్రేకు గొట్టం విప్పి, మళ్లీ ఆయిల్ నింపి గాలి తీయాలి. హ్యాండిల్, స్టెమ్ ఒకే ముక్కగా ఉన్న బండైతే పది మిల్లీమీటర్ల పొట్టి స్టెమ్ కావాలన్నా మొత్తం ముక్క మార్చాలి. కూర్చునే తీరు ఇంకా కుదురుకోని వాళ్లు అలాంటి బండి కొనకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. నేను చూసిన ఎండ్యూరెన్స్ బండిలో మామూలు గుండ్రటి స్టెమ్, మరల బాటమ్ బ్రాకెట్. గొట్టాలు డౌన్ ట్యూబ్ దగ్గర లోపలికి పోతాయి.

రెండు కొత్త బళ్లనూ తొక్కి చూశాను. నా పెడల్స్, నా సీటు పట్టుకెళ్లి, సీటు ఎత్తు, బాటమ్ బ్రాకెట్‌కి అది వెనక ఉండే దూరం పాత బండి కొలతలకే పెట్టించాను. అలా చేయకపోతే బండికి బదులు సీటుని పరీక్షించినట్టవుతుంది. రేస్ బండి మొదటి పది నిమిషాల్లో మనసు దోచుకుంది. లేచి నిలబడి తొక్కితే చేతుల కింద అలా ముందుకి ఉరికింది. అరగంటకి భుజాలు చెవుల దాకా వచ్చాయి. ఎండ్యూరెన్స్ బండిలో ఆ మొదటి ఉరుకు లేదు. అరగంట తర్వాత చూసుకుంటే నేను డ్రాప్స్‌లో, అంటే హ్యాండిల్ కింది వంపులో, ఉన్నాను, అక్కడ ఉన్నానన్న ధ్యాస లేకుండానే. పాత బండి మీద డ్రాప్స్ ఎప్పుడో తప్ప పట్టుకునేదాన్ని కాదు. హ్యాండిల్ కాస్త ఎత్తులో ఉంటే కిందిపట్టు నిజంగా వాడతాం, గాలికి ఒళ్లు తగ్గించుకోవడం దాని వల్లే జరుగుతుంది. చదును రోడ్డు మీద గాలికి అడ్డం పడేదాంట్లో ఎక్కువ భాగం మనిషి ఒళ్లే కాబట్టి, పట్టుకోగలిగిన ఎత్తు డ్రాప్స్, పట్టుకోలేని లోతు డ్రాప్స్ కన్నా వేగం.

దిగే ముందు పెడల్‌ని ముందుకి, నేలకి సమాంతరంగా పెట్టి హ్యాండిల్ తిప్పి చూశాను. రేస్ బండిలో బూటు టైరుకి తగిలింది. ఎండ్యూరెన్స్ బండిలో వేలు పట్టేంత ఖాళీ ఉంది.

అల్యూమినియం ఎండ్యూరెన్స్ బండే తీసుకున్నాను. 165 క్రాంకులు, 38 హ్యాండిల్ కొనేటప్పుడే మార్పించాను. వచ్చిన టైర్లు తీసి 30 మిల్లీమీటర్ల మంచి టైర్లు వేశాను, వచ్చిన చక్రాలు బరువైనవే అయినా వాటిని కదపలేదు. 12 స్పీడ్ 105 కాసెట్ 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ మీద కూడా కూర్చుంటుంది కాబట్టి, ముందు ముందు ఎవరి దగ్గరైనా మంచి వాడిన డిస్క్ చక్రాలు దొరికితే తీసుకోవచ్చు. పాత బండిని ఇంట్లో ట్రైనర్ (ఉన్నచోటే తొక్కడానికి వాడే స్టాండు) మీద బిగించాను. సీటు, హ్యాండిల్ కొలతలు రెండిటికీ దాదాపు ఒకటే కాబట్టి దీని మీంచి దాని మీదికి మారినా ఒంటికి తెలియదు.

ఫోర్క్ స్టీరర్ మాత్రం ఇంకా కోయించలేదు. స్టెమ్ కింద ఒక స్పేసర్, పైన రెండు ఉన్నాయి. పైకి పొడుచుకొచ్చినట్టు ఉందని చూసినవాళ్లంతా అంటారు. ఒక సీజన్ పూర్తిగా తొక్కి, కింది స్పేసర్ తీసేయాలో ఉంచాలో తేలాక కోయిస్తాను. కోసిన గొట్టం మళ్లీ పెరగదు కాబట్టి, కొత్త బండి ఇంటికి తెచ్చిన రోజే మెకానిక్ రంపం తీస్తే మీరూ ఆగమని చెప్పండి.